నల్లా బందైన గంటల్లో

హనుమకొండలో మా గల్లీ నల్లా వచ్చే ముందు బుసకొడుతుంది. మొదట గాలి, తర్వాత మట్టిరంగు నీళ్లు, కాసేపటికి తేట నీళ్లు. ఆడవాళ్లు మొదటి బకెట్ వాకిట్లో చల్లి, ఆ తర్వాతే బిందె పెడతారు. ఆ అలవాటు మంచిదే. నీళ్లు వదలని గంటల్లో పైపులో ఒత్తిడి ఉండదు. ఎక్కడో సన్నటి పగులుండి, పక్కనే మోరి పారుతుంటే, ఖాళీ అవుతున్న పైపు ఆ మురుగును లోపలికి గుంజుకుంటుంది.

కానీ తేటబడ్డ నీళ్లన్నీ మంచినీళ్లు కావు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ సుమారు 27 నానోమీటర్లే ఉంటుంది. 1973లో ఫైన్‌స్టోన్, కపికియన్, పర్సెల్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు రోగుల మలంలో దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పట్టుకున్నారు. బట్టతో వడగడితే అది ఆగదు. కడుపులోని ఆమ్లానికీ చావదు. నీళ్లు మసలకాగితే మాత్రం చస్తుంది.

నోట్లోంచి పేగుకు, పేగు నుంచి రక్తంలో కాలేయానికి చేరి, అక్కడ పెరిగి, పైత్యరసంతో మళ్లీ పేగులోకి దిగుతుంది. కళ్లు పచ్చబడేసరికి సగటున నాలుగు వారాలు గడిచిపోతాయి. మలంలో వైరస్ ఎక్కువగా పోయేది అంతకు ముందు రెండు వారాల్లోనే. అంటే మనిషి పనికి పోతూ, వంట చేస్తూ, తనకు రోగముందని తెలియకుండానే పంచుతుంటాడు. అందుకే పానీపూరీ బండి మీద కోపం తెచ్చుకుంటే సరిపోదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది వయసు లెక్క. ఆరేళ్లలోపు పిల్లల్లో పదిమందిలో ఏడుగురికి ఏ లక్షణమూ కనిపించదు. పెద్దవాళ్లలో ఎక్కువమందికి కామెర్లవుతాయి. మా అమ్మమ్మ తరం చెరువునీళ్లు తాగుతూ చిన్నప్పుడే, తెలియకుండానే, ఈ గండం దాటింది. ఒకసారి వస్తే జన్మంతా రక్షణ. ఇప్పుడు మన పిల్లలు క్యాన్ నీళ్లు తాగి పెరుగుతున్నారు, పదిహేడేళ్లకు హాస్టల్‌కు పోయి అక్కడ మొదటిసారి ఈ వైరస్‌కు ఎదురవుతున్నారు. నీళ్లు సగం బాగుపడిన ఊళ్లలోనే ఈ చిక్కు. మళ్లీ చెరువునీళ్లకు పోలేం కదా, టీకా కావలసింది అందుకే.

వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు. అసలు కాలేయాన్ని గాయపరిచేది, వైరస్ చేరిన కణాలను చంపే మన రక్షణ కణాలే. అవి పని ముగించాక చాలామందిలో కాలేయం తనంతట తానే కోలుకుంటుంది, ఆ పేరు పసరుకు వస్తుంది. ముంజేతి మీద వాత పెట్టించుకున్న ఒక పిల్లాణ్ని చూశాను. కామెర్లు ఎప్పుడో పోయాయి, రూపాయి బిళ్లంత మచ్చ మిగిలింది. మత్తుగా పడుకోవడం, తికమకగా మాట్లాడటం, చిగుళ్ల నుంచి రక్తం కారడం కనిపిస్తే మాత్రం ఏ నాటు వైద్యుడి దగ్గరికో కాదు, నేరుగా పెద్దాసుపత్రికే పోవాలి.

"అన్ని టీకాలు ఏయించినం సార్, కామెర్లది గూడ పడ్డది" అంది మా పక్కింటామె. పడ్డది హెపటైటిస్-బి అనే వేరే వైరస్ టీకా. సర్కారు ఉచితంగా వేసేది అదే. హెపటైటిస్-ఎ టీకా జాతీయ జాబితాలో లేదు, పిల్లల డాక్టరు దగ్గర డబ్బు పెట్టి వేయించాలి. ఏడాది నిండాక వేస్తారు. చంపిన వైరస్‌తో చేసిందైతే కనీసం ఆరు నెలల ఎడంతో రెండు డోసులు, బలహీనపరిచిన వైరస్‌దైతే ఒక్కటే. 2024లో హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ దేశంలో తయారైన తొలి హెపటైటిస్-ఎ టీకాను విడుదల చేసింది.

ఆమె పెద్దకొడుక్కి అప్పటికి వారంగా కామెర్లు. "చిన్నదానికి ఇప్పుడు ఏయిస్తే ఏం లాభం?" అని అడిగింది. లాభముంది. వైరస్ తగిలిన రెండు వారాల్లోపు వేస్తే చాలాసార్లు జబ్బు ఆగుతుంది. అప్పటికే ఆలస్యమైందేమో డాక్టరే చెప్పాలి. ఆ సాయంత్రమే పాపను ఎత్తుకుని బయల్దేరింది.