మోగకపోతే అంతా బాగున్నట్టేనా? ఫైర్ అలారంపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో వాణిజ్య భవనాలకు ఫైర్ అలారం సిస్టమ్‌లు పెట్టడం, ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కింద వాటిని చూసుకోవడం నా పని. కాంప్లెక్స్ ఏదైనా, ఓనర్ ఎవరైనా, గుమ్మంలోనే ఎదురయ్యే మాట ఒకటుంది: “ఊరికే మోగుతోందండీ, మోగకుండా చేసి వెళ్లండి.” ఈ మాట వెనకున్న అపోహే మిగతా అన్నిటికంటే ప్రమాదం. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: మాటిమాటికీ మోగుతోందంటే ఫాల్స్ అలారమే. ఆ జోన్ (ఒకే లైన్‌కు కలిపిన డిటెక్టర్ల గుంపు) ఆఫ్ చేస్తే సరి.

వాస్తవం: స్మోక్ డిటెక్టర్ ఊరికే మోగదు. చాలాసార్లు లోపలి ఛాంబర్‌లోకి ఏదో వెళ్లింది కాబట్టే మోగుతుంది. అది పొగ కావచ్చు, దుమ్ము కావచ్చు, టీ కెటిల్ ఆవిరి కావచ్చు, చిన్న పురుగు కావచ్చు. కారణం దొరికితే మందు తేలికే. ప్యాంట్రీలో స్మోక్ డిటెక్టర్ తీసి హీట్ డిటెక్టర్ పెట్టాలి. ఏసీ గాలి నేరుగా కొడుతుంటే చోటు మార్చాలి. ఏళ్ల తరబడి ముట్టుకోని డిటెక్టర్లను విప్పి శుభ్రం చేయాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.

వీటిలో ఏదీ చేయకుండా అందరూ ప్యానెల్ (డిటెక్టర్లన్నీ కలిసే కంట్రోల్ పెట్టె) మీద బటన్లు నొక్కుతారు. సైలెన్స్ నొక్కితే హూటర్ (అలారం మోత) ఆగుతుంది, అంతే. ప్యానెల్ ఇంకా ఫైర్ చూపిస్తూనే ఉంటుంది. కారణం చూసుకున్నాక రీసెట్ చేస్తే మామూలు స్థితికి వస్తుంది. డిసేబుల్ అలా కాదు. కొన్ని ప్యానెళ్ల మీద దీన్నే ఐసొలేట్ అని రాస్తారు. అది నొక్కాక ఆ జోన్‌లో నిజంగా నిప్పు పుట్టినా ప్యానెల్ పట్టించుకోదు. మళ్లీ ఎవరో ఒకరు ఎనేబుల్ చేసేదాకా అంతే. పాత కన్వెన్షనల్ ప్యానెల్ అయితే ఒక జోన్ అంటే చాలాచోట్ల ఒక అంతస్తు మొత్తం.

కూకట్‌పల్లి వైపు ఒక షాపింగ్ కాంప్లెక్స్‌కు సర్వీస్‌కు వెళ్లాను. ప్యానెల్ మెట్ల కింద ఉంది. దాని ముందు చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు. బజర్ రంధ్రానికి ఇన్సులేషన్ టేపు వేసి ఉంది. మూడో జోన్ డిసేబుల్‌లో ఉన్నట్టు పసుపు లైట్ వెలుగుతోంది. తలుపు తెరిచి చూస్తే బ్యాటరీ వైర్లు కూడా పీకేసి ఉన్నాయి. మూడో అంతస్తులో కోచింగ్ సెంటర్ ఉంది, లోపల పిల్లలు క్లాసులో కూర్చుని ఉన్నారు. “ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది పెద్దాయనా?” అని వాచ్‌మన్‌ను అడిగాను. “నేను వచ్చినప్పటి నుంచి ఇంతే సార్. మోగితే అందరూ వచ్చి నన్నే తిడతారు” అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఏ బటన్ ఎందుకో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన బాధ్యత మేనేజ్‌మెంట్‌ది. పైకి వెళ్లి చూస్తే ఇంటీరియర్ పని జరిగినప్పుడు దుమ్ము పడకుండా డిటెక్టర్లకు తొడిగిన ప్లాస్టిక్ మూతలు కొన్ని అలాగే ఉన్నాయి.

నిమిషాలు ఎందుకు ముఖ్యమో సికింద్రాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. 2022 సెప్టెంబర్ 12న రూబీ హోటల్ ప్రమాదంలో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ నుంచి లేచిన పొగ పైనున్న లాడ్జిని కమ్మేసింది. ఎనిమిది మంది పోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. మంట చేరేలోపే పొగ మెట్లదారిని మూసేస్తుంది. మెట్లు ఇంకా కనిపిస్తున్నప్పుడే జనాన్ని కదిలించడానికే అలారం.

శుక్రవారం సాంబ్రాణి వేస్తాం, ఆయుధపూజ చేసుకుంటాం, ఏం చేయమంటారని షాపుల వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అడ్రసబుల్ ప్యానెల్ (ఒక్కో డిటెక్టర్‌ను విడిగా గుర్తించేది) అయితే ఆ ఒక్క డిటెక్టర్‌నే ఆ గంటసేపు ఐసొలేట్ చేయండి. పూజ అయ్యేదాకా ఒక మనిషిని అక్కడే ఉంచండి. అవగానే ఎనేబుల్ చేసి, ఆ టైమ్ లాగ్‌బుక్‌లో రాయించండి.

అపోహ: ఎన్‌ఓసీ (ఫైర్ శాఖ ఇచ్చే అనుమతి పత్రం) ఉంది కదా, ఇంకేం కావాలి? / మా భవనం ఎత్తు 15 మీటర్ల లోపే, మాకు అలారం అక్కర్లేదు.

వాస్తవం: ఎన్‌ఓసీ ఇచ్చేది ఆ రోజు ఉన్న స్థితికి. ఆ తర్వాత అద్దెకు దిగినవాళ్లు అద్దాల క్యాబిన్లు కట్టేస్తే, డిటెక్టర్ గోడకు అవతల ఉండిపోతుంది. ఫాల్స్ సీలింగ్ పైన ఖాళీ 800 మిల్లీమీటర్లు దాటితే అక్కడ కూడా డిటెక్షన్ కావాలి. వాణిజ్య భవనాలకు 15 మీటర్ల లెక్క ఎన్‌ఓసీ కోసం. అలారం విషయంలో 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ నాలుగో భాగం భవనం దేనికి వాడుతున్నారు, ఎత్తెంత, విస్తీర్ణమెంత అని కూడా చూస్తుంది.

అపోహ: కారిడార్‌లో హూటర్ ఉంటే చాలు.

వాస్తవం: స్వప్నలోక్ ఘటన తర్వాత ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసే ఆవిడ నన్ను పక్కకు పిలిచి, “సార్, తలుపు వేసుకుంటే మా గదిలోకి ఏమీ వినిపించదు. రోజూ టెన్షన్‌గానే ఉంటోంది” అన్నారు. ఆ భయం సబబే. ఫైర్ అలారంలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2189 ప్రకారం అలారం శబ్దం 65 డెసిబెల్స్‌కు తగ్గకూడదు, చుట్టూ ఉన్న చప్పుడు కంటే కనీసం 5 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి. లాడ్జి గదుల్లో నిద్రలేపాలి కాబట్టి మంచం తలవైపు 75 కావాలి. ఆవిడను లోపల కూర్చోబెట్టి, తలుపు వేయించి, హూటర్ మోగించాం. నిజంగానే వినిపించలేదు. ఆ గదిలో ఒక సౌండర్ (అలారం మోగించే పరికరం) కలిపాం. వాష్‌రూమ్‌లనూ, సర్వర్ రూమ్‌నూ ఇలాగే పరీక్షించమని మీ మేనేజర్‌ను అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

వాట్సాప్‌లో తిరిగే ఇంకో పుకారు: ఎవరో సిగరెట్ కాలిస్తే స్ప్రింక్లర్లన్నీ (సీలింగ్ నుంచి నీళ్లు చిమ్మే పరికరాలు) ఒక్కసారిగా పేలి కంప్యూటర్లు తడిసిపోతాయట. దయచేసి దీన్ని ఫార్వర్డ్ చేయడం ఆపండి. మన ఆఫీసుల్లో కనిపించే ఎర్ర బల్బు స్ప్రింక్లర్ 68 డిగ్రీల వేడికి పగులుతుంది. పొగతో దానికి పని లేదు. వేడి తగిలిన హెడ్ ఒక్కటే తెరుచుకుంటుంది.

కరెంటు పోతే అలారం పనిచేయదనేది కూడా తప్పే, బ్యాటరీలు ఉన్నది అందుకే. నెలకోసారి మెయిన్ ఆఫ్ చేసి, బ్యాటరీ మీద హూటర్ మోగుతుందో లేదో చూడండి.

ఇక, అలారం మోగితే ఫైర్ స్టేషన్‌కు దానంతటదే కబురు వెళ్తుందని చాలామంది నమ్ముతారు. మన దగ్గర చాలా భవనాల్లో అలాంటి ఏర్పాటు లేదు. 101కి మనిషే ఫోన్ చేయాలి. ఏ షిఫ్టులో ఎవరు చేయాలో పేరుతో సహా ప్యానెల్ పక్కన రాసి అంటించండి, రాత్రి డ్యూటీ వాచ్‌మన్ పేరుతో సహా.