మైదానంలో మెడ దెబ్బ: అపోహలు – వాస్తవాలు

రగ్బీ, కుస్తీ, కబడ్డీ పోటీలకు డ్యూటీ డాక్టరుగా వెళ్తుంటాను. పడిపోయిన ఆటగాణ్ణి తోటివాళ్లు చంకల కింద చేతులేసి లేపుతుంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

అపోహ: కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, మెడకేం కాలేదు.

వాస్తవం: వెన్నుపూస విరిగినా లోపలి వెన్నుపాము ఇంకా నలగకపోవచ్చు. మనిషి లేచి నడవగలడు కూడా. విరిగిన ఎముక ఆ తర్వాత జరిగితే ఉన్న కదలికా పోవచ్చు. ఒక్క చేతిలోనే కరెంట్ కొట్టినట్టు మంట పుట్టి కాసేపటికి తగ్గితే, అది చాలాసార్లు మెడ నుంచి చేతికి వెళ్లే నరాల దెబ్బే. రెండు చేతులూ తిమ్మిరెక్కినా, కాళ్లు మొద్దుబారినా వెన్నుపాము దెబ్బగానే చూడాలి. ఐదు నిమిషాల్లో సర్దుకున్నా సరే, ఆ రోజుకి ఆట లేదు.

అపోహ: మెడ కదపకూడదు కాబట్టి ఊపిరి ఆడకపోయినా ముట్టుకోకూడదు.

వాస్తవం: ప్రాణం తీసే అపోహ ఇదే. ఊపిరి తీయించే ముఖ్య కండరం డయాఫ్రం. దాన్ని ఆడించే నరం మెడలోని 3, 4, 5 నరాల నుంచి పుడుతుంది. దానికి పైన వెన్నుపాము తెగితే ఊపిరి అక్కడికక్కడే ఆగుతుంది. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి వెల్లకిలా తిప్పండి. తలను రెండు చేతులతో నిలకడగా పట్టుకుని, దవడను ముందుకు నెట్టి గాలిదారి తెరవండి. అలా తెరుచుకోకపోతే తలను కొద్దికొద్దిగా వెనక్కి వంచాల్సిందే. గుండె ఆగితే సీపీఆర్ మామూలుగానే చేయాలి.

అపోహ: ముందు హెల్మెట్ తీసేయాలి.

వాస్తవం: అమెరికన్ ఫుట్‌బాల్‌లో భుజాలకు మందపాటి ప్యాడ్లుంటాయి. హెల్మెట్ ఒక్కటే తీస్తే తల వెనక్కి వాలుతుంది. ఊపిరి కోసం ముందు ముఖం మీది జాలీ తీయాలి. హెల్మెట్ తీస్తే భుజాల ప్యాడ్లు కూడా తీయాలి, అదీ శిక్షణ ఉన్నవాళ్లే.

అపోహ: కాలర్ (మెడ కదలకుండా చుట్టే పట్టీ) పెడితే చాలు.

వాస్తవం: చాలదు. తల పట్టుకున్న చేతులు అలాగే ఉండాలి. మెడ సరిచేస్తుంటే నొప్పి పెరిగినా, బిగుసుకున్నా అక్కడే ఆపండి. గట్టి చెక్క స్ట్రెచర్ మోయడానికే. దాని మీదే గంటలు ఉంచితే, స్పర్శ లేని ఒంటికి పుండ్లు పడతాయి.

అపోహ: వెంటనే స్టెరాయిడ్ ఇస్తే నయమవుతుంది.

వాస్తవం: 1990లో వచ్చిన ఒక అధ్యయనంతో ఆ ఆశ బలపడింది. ఇప్పుడు అందరికీ ఇవ్వడం లేదు. బీపీ పడిపోకుండా చూడడం, నొక్కుకుపోయిన వెన్నుపామును వీలైతే 24 గంటల్లోపు ఆపరేషన్‌తో విడిపించడం ముఖ్యం. అందుకే అంబులెన్స్‌తో పంపే కాగితంలో పడిన సమయాన్నే మొదట రాస్తాను.