అడుగుల చప్పుడు మ్యాప్ మీదికి ఎలా వచ్చింది?

అనంతపురంలో కాలేజీ ఫెస్టుల సీజన్ వచ్చిందంటే ఈ పంచాయితీ మళ్లీ లేస్తుంది. ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐ పోటీలో, గురి కుదర్చడానికి సాయపడే ఎయిమ్ అసిస్ట్‌ను ఆపేసి ఆడాలని సీనియర్లు, గేమ్‌లోనే ఉన్నదాన్ని ఎందుకు ఆపాలని జూనియర్లు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ నిషేధం, 2021 జులైలో అది బీజీఎంఐగా రావడం, 2022లో మాయమై 2023లో మళ్లీ రావడం అందరికీ తెలిసినవే. గొడవకు మూలం 2018 మార్చిలో ఉంది.

కంప్యూటర్‌లో ఆడే పబ్‌జీ ఫోన్‌లోకి వచ్చింది అప్పుడే. కీబోర్డు, మౌస్‌లతో చేసే పనంతా గాజు తెర మీద రెండు బొటనవేళ్లతో చేయాలి. అందుకే ఆటలో సాయాలు కలిపారు. శత్రువు దగ్గరికి రాగానే గురి కాస్త తానే అటు జరుగుతుంది. తూటాలు, మందులు వాటంతటవే బ్యాగులోకి చేరతాయి. కొత్తవాళ్ల మొదటి మ్యాచుల్లో ఎక్కువగా బాట్లే (కంప్యూటరే ఆడించే ఉత్తుత్తి ఆటగాళ్లే) ఉంటాయి. అన్నిటికంటే పెద్ద మార్పు తెర మూలన ఉండే చిన్న మ్యాప్, మినీమ్యాప్‌ది. పక్కన ఎవరైనా నడిస్తే అక్కడ అడుగుల గుర్తు పడుతుంది.

సీనియర్ల బాధ తెలియాలంటే టవర్ క్లాక్ చుట్టుపక్కల నెట్ సెంటర్లలో కంప్యూటర్ తుపాకుల ఆట కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడిన రోజులు గుర్తుచేసుకోవాలి. అప్పుడు చెవే మ్యాప్. డస్ట్2 అనే మ్యాప్‌లోని టన్నెల్లో చప్పుడు వింటే వచ్చేది ఒక్కడా, ఇద్దరా అని పసిగట్టేవాళ్లు. మన అడుగు వినపడకుండా షిఫ్ట్ నొక్కిపట్టి నడవాలి. ఏకే-47 ధర ఆట డబ్బుల్లో 2500. రౌండ్ ఓడితే ఇప్పుడే కొందామా, దాచుకుందామా అని ఐదుగురూ మాట్లాడుకోవాలి. ఆపకుండా కాలిస్తే గన్ పైకి లేస్తుంది, దాన్ని కిందికి లాగిపట్టడం చేతికి రావడానికి నెలలు పట్టేది. ఎదుటి జట్టు పెట్టిన బాంబు పేలకుండా ఆపడానికి 10 సెకన్లు, ఆ పనికోసం కొనే కిట్ ఉంటే 5. కిట్ కొనకుండా రౌండ్ పోగొట్టినవాడికి ఆ తేడా ఎవరూ మళ్లీ చెప్పక్కర్లేదు. పక్క సిస్టమ్ దగ్గర కూర్చున్న అన్న చూపిస్తే వచ్చిన విద్య అది. దాన్ని పాత తరం పట్టుదల అని కొట్టిపారేయడం అన్యాయం.

పదివేల ఫోన్‌తో ఆడేవాడికి మౌస్ ఎక్కడిదని జూనియర్లు అడుగుతారు. నిజమే. కానీ ఈ సులువు ఫోన్ దగ్గర ఆగలేదు. 2020లో కంప్యూటర్ పబ్‌జీలోకీ బాట్లు వచ్చాయి. గోడలు, మెట్లు కట్టడమే ప్రాణంగా పెరిగిన ఫోర్ట్‌నైట్, 2022 మార్చిలో కట్టే పనే లేని మోడ్‌ను శాశ్వతంగా పెట్టింది. వాటికి మౌస్ లేదన్న కారణం చెప్పలేం కదా!

కౌంటర్ స్ట్రైక్ మాత్రం ఒకచోట గీత గీసింది. పరిగెడుతూ టక్కున ఆగి కాల్చడం ఆ ఆటలో పెద్ద నేర్పు. వేళ్లు తడబడినా ఆ పనిని సరిగ్గా చేసిపెట్టే కీబోర్డులు వస్తే, 2024 ఆగస్టులో ఆ ఆటను నడిపే కంపెనీ వాల్వ్ తన అధికారిక సర్వర్లలో ఆ సౌకర్యాన్ని నిషేధించింది. వాడితే మ్యాచ్ నుంచి బయటికే.

బీజీఎంఐ సెట్టింగ్స్‌లో ఎయిమ్ అసిస్ట్ ఆపే బటన్ ఉంది. సీనియర్లు అడుగుతున్నది, కనీసం ఫైనల్ వరకైనా దాన్ని నొక్కి ఆడమని.