పట్టుబట్టకూ గడ్డినేలకూ మధ్య

క్రీ.పూ. 200, చలికాలం. హాన్ వంశాన్ని స్థాపించిన చక్రవర్తి లియూ బాంగ్ ఇప్పటి దాతోంగ్ నగరం దగ్గర బైదెంగ్ అనే గుట్ట మీద చిక్కుకుపోయాడు. చుట్టూ షియోంగ్నుల గుర్రపు దళాలు, అంటే చైనాకు ఉత్తరాన గడ్డినేలల్లో మందలు మేపుకుంటూ తిరిగే తెగలవాళ్లవి. పడమట అన్నీ తెల్ల గుర్రాలు, ఉత్తరాన నల్లవి, దక్షిణాన ఎర్రవి అని చరిత్రకారుడు సిమా చియాన్ రాశాడు. చలికి హాన్ సైనికుల్లో పదిమందికి ఇద్దరు ముగ్గురి చేతివేళ్లు ఊడిపోయాయి. ఏడు రోజుల తర్వాత, షియోంగ్ను రాజు మోదు భార్యకు రహస్యంగా కానుకలు పంపి, ఎలాగో బయటపడ్డాడు.

మొత్తం చైనాను గెలిచిన మనిషి గొర్రెలు, గుర్రాలు మేపుకునేవాళ్ల ముందు తలొంచాల్సి వచ్చింది. రెండేళ్లకు ఒప్పందం కుదిరింది. రాజవంశపు పిల్లను మోదుకిచ్చి పెళ్లి చేయాలి. ఏటా పట్టు, సారా, ధాన్యం పంపాలి. బదులుగా షియోంగ్నులు సరిహద్దు మీద పడకూడదు. దీన్ని చైనీయులు 'హెచిన్' అన్నారు, అంటే బంధుత్వంతో శాంతి.

షియోంగ్నులకు ఈ సరుకులు ఎందుకంత అవసరమయ్యాయి? మొదటి జవాబు వానలో ఉంది. చైనా ఉత్తరాన ఏడాదికి దాదాపు 400 మిల్లీమీటర్ల వాన పడే గీత ఒకటుంది. దానికి దక్షిణాన జొన్న, కొర్ర లాంటివి పండుతాయి. ఉత్తరాన వాన మీద సేద్యాన్ని నమ్ముకోలేం, గడ్డి మాత్రం పెరుగుతుంది. మహా కుడ్యం చాలాచోట్ల ఈ గీతకు దగ్గరగానే సాగుతుంది. గడ్డినేలలో సంపదంటే మందలే. మంచు గట్టిగా పేరుకుని గడ్డి అందకపోతే ఆ సంపద ఒక్క చలికాలంలో పోతుంది. మంగోలులు దీన్ని 'జుద్' అంటారు. 2009–10 చలికాలంలో వచ్చిన జుద్‌కు మంగోలియాలో దాదాపు ఐదోవంతు పశువులు చచ్చిపోయాయి. గాదెలో గింజలు దాచుకున్న రైతుకు ఇంత టెన్షన్ ఉండదు.

కానీ ఆకలి ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోలేను. రష్యాలో బైకాల్ సరస్సుకు దగ్గర్లోని ఇవోల్గాలో షియోంగ్నుల కాలపు ఊరు బయటపడింది. గోడ కట్టుకున్న ఊరు, నేలలోకి తవ్వి కట్టిన ఇళ్లు, నాగలి కర్రులు. అంటే గడ్డినేలలో కూడా కొందరు సేద్యం చేశారు. పట్టుబట్ట తిండి కాదు కదా! దాని పని వేరు. విడివిడిగా తిరిగే తెగల పెద్దలను ఒక రాజు కింద నిలపాలంటే వాళ్లకు పంచడానికి అరుదైనదేదో చేతిలో ఉండాలి. ఆ 'ఏదో' చైనా నుంచి వచ్చేది.

ఈ సంగతి అందరికంటే బాగా కనిపెట్టినవాడు ఝోంగ్‌హాంగ్ యువే. హాన్ అంతఃపురంలో పనిచేసే నపుంసకుడు. షియోంగ్నులకిచ్చి పెళ్లి చేసిన రాజకుమార్తె వెంట, ఇష్టం లేకపోయినా బలవంతంగా పంపితే వెళ్లి, షియోంగ్నుల వైపు తిరిగిపోయాడు. వాళ్లకు అతను చెప్పిన మాట: పట్టు వేసుకుని ముళ్లపొదల్లో గుర్రం తోలండి, చిరిగిపోతుంది, మీ ఉన్ని దుస్తులే మేలని తెలుస్తుంది. హాన్ తిండి వస్తే పారేయండి, మీ పాలే రుచి. ఆ సరుకులకు అలవాటు పడితే మీరు హాన్‌కు బానిసలవుతారని అతని భయం. రెండు వైపులా బతికి చూసినవాడి మాటలివి.

తర్వాతి హాన్ చక్రవర్తి వూ కాలంలో శాంతి తెగిపోయింది. క్రీ.పూ. 133లో మాయి పట్టణం దగ్గర హాన్ సైన్యం వేసిన ఉచ్చు పారలేదు. పెద్ద యుద్ధం మొదలైంది. అయినా సరిహద్దు సంతలు మూతపడలేదు! షియోంగ్నులకు హాన్ సరుకు కావాలి, హాన్‌కేమో వాళ్లను ఆ ఆశతో పట్టి ఉంచాలి. క్రీ.పూ. 119 దండయాత్రకు 1,40,000 గుర్రాలు బయల్దేరితే తిరిగి వచ్చినవి 30,000 కూడా లేవు. ఈ ఖర్చుల భారంతోనే ఉప్పు, ఇనుము వ్యాపారాలను ప్రభుత్వం తన గుప్పిట్లోకి తెచ్చుకుంది. చైనాలో మామూలు రైతు కొనే కొడవలి ధర వెనక కూడా ఈ యుద్ధముంది.

చివరికి షియోంగ్నులలో అంతఃకలహం వచ్చింది. క్రీ.పూ. 51లో వాళ్ల రాజు హుహాన్యె స్వయంగా రాజధాని చాంగాన్‌కు వచ్చి లొంగిపోయాడు. హాన్ గెలిచినట్టే. కానీ లెక్క చూడండి. ఆ ఏడాది అతనికిచ్చిన కానుకల్లో 8,000 తానుల పట్టు ఉంది. క్రీ.పూ. 1లో వచ్చిన షియోంగ్ను రాజుకు 30,000 తానులు ఇచ్చారు. శత్రువు లొంగాక కూడా పట్టు ఖర్చు తగ్గలేదు, పెరిగింది.

ఆ పట్టులో కొంత నేటికీ మిగిలి ఉంది. ఉలాన్‌బాతర్‌కు ఉత్తరాన నోయిన్ ఊలా కొండల్లో రష్యా అన్వేషకుడు కొజ్లోవ్ బృందం 1924–25లో షియోంగ్ను ప్రముఖుల సమాధులు తవ్వింది. చాలా లోతైన గోతులు కావడంతో బట్టలు కుళ్లిపోలేదు. హాన్ రాజ కర్మాగారంలో క్రీ.పూ. 2లో చేసిన లక్క పాత్ర దొరికింది. గడ్డినేల కళాకారులు మృగాల పోరాటాలు కుట్టిన ఉన్ని తివాచీ ఒకటి దొరికింది. ఆ తివాచీ అంచుకు చైనా పట్టు కుట్టి ఉంది.