దైవపిలుపు గురించి మన ఊళ్ళల్లో అనుకునేవి, అసలు సంగతులు

వేసవి సెలవులు వస్తున్నాయంటే దైవపిలుపుల పని, అంటే ఫాదర్లుగా, సిస్టర్లుగా వెళ్ళాలనుకునే పిల్లలతో మాట్లాడే పని, చూసేవాళ్ళకు ఊరూరా తిరిగే కాలం. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు అయిపోయి పిల్లలు ఇళ్ళ దగ్గర ఉంటారు. పాస్కా (ఈస్టర్) కాలం నాలుగో ఆదివారం, అదే మంచి కాపరి ఆదివారం, ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది. 1964లో ఆరవ పౌలు పోపుగారు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఏటా ఆ రోజున తిరుసభ (కతోలిక చర్చి) అంతా కొత్త గురువుల (ఫాదర్ల) కోసం, మఠవాసుల కోసం ప్రార్థిస్తోంది. నేను గుంటూరులో ఉంటున్న ఒక సిస్టర్‌ని. అటు ఫిరంగిపురం వైపు నుంచి ఇటు విజయవాడ దాకా విచారణలకు (ఒక ఫాదర్ గారు చూసుకునే గుడి పరిధులకు) వెళ్ళి, పూజ అయ్యాక తల్లిదండ్రులతో, పిల్లలతో మాట్లాడటం నా పని. ఎక్కడికెళ్ళినా అవే మాటలు వినిపిస్తాయి. కొన్నిటివల్ల రావాల్సిన పిల్లలు ఆగిపోతున్నారు. కొన్నిటివల్ల రాకూడని పిల్లలు వచ్చేస్తున్నారు. రెండోదాని నష్టం మొదటిదానికంటే తక్కువేం కాదు.

అపోహ: "గుణదల మాతకు మొక్కుకున్నాం సిస్టరమ్మా, మావాడు ఫాదర్ అవ్వాల్సిందే."

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల కొండకు వచ్చే జనంలో ఇలాంటి మొక్కు ఉన్న తల్లులు ఎందరో. పుట్టిన బిడ్డ దక్కదేమోనని భయపడి, బతికిస్తే నీకే ఇస్తానని మరియతల్లికి మాటిచ్చినవాళ్ళు. ఆ కన్నీటిని నేను తేలిగ్గా తీసుకోను. కానీ తిరుసభ చట్టం ఈ విషయంలో సందేహానికి తావివ్వలేదు. మొక్కు మొక్కుకున్నవారికే వర్తిస్తుంది, ఇంకొకరి మెడకు చుట్టుకోదు. కానన్ చట్టం 1193 చెప్పేది అదే. ఆ మొక్కు నుంచి విడుదల చేసే అధికారం మీ విచారణ గురువులకు కూడా ఉంది. దాన్ని మరో మంచి పనిగా మార్చుకునే వీలూ ఉంది.

మిర్చి యార్డులో పనిచేసే ఒకాయన ఇంటికి వెళ్ళాను. వాళ్ళబ్బాయి ఇంటర్ రెండో ఏడాది. సెమినరీలో (ఫాదర్లు కాబోయేవాళ్ళు చదివే చోట) ఎప్పుడు చేర్పించాలో వాళ్ళమ్మ అప్పటికే నిర్ణయించేసింది. ఆ అబ్బాయిని బయటికి పిలిచి "నీకేమనిపిస్తోంది నాన్నా?" అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "మొక్కు తప్పితే అమ్మకేమన్నా అవుద్దేమో సిస్టర్" అన్నాడు. ఆ బిడ్డ మనసులో ఉన్నది పిలుపు కాదు, భయం. ఫాదర్ గారు ఆ తల్లిని కూర్చోబెట్టి మాట్లాడి, ఆమె మొక్కును పెద్దాసుపత్రిలో రోగులకు చేసే సేవగా మార్చారు. అబ్బాయి పాలిటెక్నిక్‌లో చేరాడు. ఇప్పటికీ గుళ్ళో తబలా వాయించేది అతనే.

"మరి బైబిల్లో హన్నా తన కొడుకు సమూయేలును దేవాలయంలో అప్పగించలేదా?" అని అడుగుతారు. అప్పగించింది. అయితే సమూయేలు మొదటి గ్రంథం మూడో అధ్యాయం కూడా చదవండి. దేవుడు పేరుపెట్టి పిలిచింది తల్లిని కాదు, పడుకుని ఉన్న పిల్లవాణ్ణి. పలికిందీ ఆ పిల్లవాడే.

కానన్ చట్టం 1026 ఇంకో మాట కూడా అంటుంది. ఎవరినైనా బలవంతపెట్టి గురుపట్టం ఇప్పించడం ఎంత నిషిద్ధమో, అర్హుడైనవాణ్ణి అడ్డుకోవడమూ అంతే నిషిద్ధం. ఈ రెండో సగాన్ని కూడా తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. కొడుకు మనసారా వెళ్తానంటే "నేను చచ్చాక వెళ్ళు" అని ఏడ్చే ఇళ్ళు కూడా నేను చూస్తూనే ఉన్నాను.

అపోహ: "చదువబ్బనివాళ్ళు, కట్నాలిచ్చుకోలేనివాళ్ళు పంపిస్తారు."

గురువు కావాలంటే తత్వశాస్త్రం, దైవశాస్త్రం కలిపి కనీసం ఆరేళ్ళు చదవాలి. దానికి ముందు ఇంటర్, చాలామందికి డిగ్రీ, మధ్యలో విచారణలో ఉండి పనిచేసే కాలం, అన్నీ కలుపుకుంటే పదేళ్ళ పైమాటే. మన మేత్రాసనాల (బిషప్ గారి పరిధుల) బ్రదర్లు, అంటే గురువిద్యార్థులు, చాలామంది చదివే హైదరాబాద్ రామంతపూర్‌లోని సెయింట్ జాన్స్ సెమినరీలో పరీక్షలు ఏ కాలేజీకీ తీసిపోవు. అలాగని మార్కులే అర్హతా కాదు. లాటిన్ ఒంటబట్టక నానా తిప్పలు పడ్డ జాన్ మరియ వియాన్నీ గారే ఈరోజు విచారణ గురువులకు పాలక పునీతుడు.

కట్నం సంగతి సూటిగా చెప్తాను. ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలున్న ఇంట్లో "ఒకర్ని సిస్టర్లలో పంపితే భారం తగ్గుతుంది" అన్న ఆలోచన వస్తుంది. అది కనిపెట్టినప్పుడు ఆ పిల్లను మేము తీసుకోం. ఆమెను ఇంకేదైనా చదువులో చేర్పించే దారి చూస్తాం. పెళ్ళి సంబంధం తప్పిపోయిన బాధలో వచ్చిన అమ్మాయిని కూడా ముందు ఇంటి దగ్గరే కొన్నాళ్ళు ఉండమంటాం. ఆ బాధ చల్లారాక కూడా కోరిక అలాగే ఉంటే అప్పుడు మాట్లాడతాం. తీర్చలేని అప్పులున్నవారిని చేర్చుకోవద్దని చట్టంలోనే ఉంది. మఠమంటే బతుకు నుంచి పారిపోయి దాక్కునే చోటు కాదు.

అపోహ: "తెలివైన పిల్ల, సిస్టరై ఏం లాభం? చదువంతా వృథా."

గుంటూరువాళ్ళు ఈ మాట అంటుంటే నాకు బాధేస్తుంది. మన సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రి చరిత్ర మనకే తెలియకపోతే ఎలా? అక్కడ వైద్యం చేసిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ గారు 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో పుట్టారు. మెల్‌బోర్న్‌లో డాక్టరు చదువు చదివి, ప్రాక్టీసు బాగా సాగుతున్న రోజుల్లో, 1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికొచ్చింది. ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ గురించిన పుస్తకం అది. మగ డాక్టర్ల దగ్గరికి వెళ్ళలేక భారతదేశంలో ఆడవాళ్ళు, పసిపిల్లలు ఎలా చనిపోతున్నారో అందులో ఉంది. అది చదివాక తాను వెళ్ళాల్సింది అక్కడికేనని ఆమెకు తెలిసిపోయింది. కానీ మర్నాడే ఓడెక్కలేదు. యుద్ధకాలం. చదువు కొనసాగించారు, ప్రార్థించారు, పెద్దలను సంప్రదించారు. 1920లో గుంటూరు వచ్చి జె.ఎమ్.జె. (జీసస్ మేరీ జోసఫ్) సిస్టర్ల సభలో చేరారు. అప్పటికి ఆమెకు ముప్పై దాటాయి.

ఆ రోజుల్లో మఠకన్యలు డాక్టర్లుగా పనిచేయడానికి తిరుసభ నియమాలు ఒప్పుకునేవి కావు. ఆమె కోసం పోపుగారే ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. ఇక్కడి ఎండల్లో వేలమందికి వైద్యం చేస్తూ, మన ఆడపిల్లలకు నర్సింగ్, మందులిచ్చే పని నేర్పారు. 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులన్నిటినీ కలిపే సంఘానికి పునాది వేశారు. 1957లో చనిపోయారు. ఆమె చదివిన చదువులో వృథా అయింది ఏముందో నాకు తెలియదు.

అపోహ: "పిలుపు అంటే కలలోనో, గొంతు వినిపించో తెలుస్తుంది."

పైన చెప్పిన డాక్టరమ్మకు ఒక చిన్న పుస్తకంలో తెలిసింది. ఎక్కువమందికి ఇంకా మామూలుగా తెలుస్తుంది. ఒక పనిమీద మనసు మళ్ళీమళ్ళీ పోవడం, ఆ పని చేసేటప్పుడు లోపల శాంతి, మనల్ని ఎరిగినవాళ్ళు కూడా "ఇది నీకు సరిపోతుంది" అనడం. కల వచ్చిందని చెప్పేవాళ్ళను నేను కాదనను. కానీ కల ఒక్కటే చూసి ఎవరినీ చేర్చుకోం.

అపోహ: "ఒకసారి చేరితే అంతే. తిరిగొచ్చాడంటే ఏదో తప్పు చేసే ఉంటాడు."

ఇన్నిటిలో ఎక్కువ హాని చేసేది ఇదే.

ముందు లెక్క చూడండి. సిస్టర్లలో మొదట అస్పిరెంట్‌గా, తర్వాత పోస్టులెంట్‌గా ఉంటారు, రెండూ చేరకముందు చూసుకునే మెట్లే. పదిహేడేళ్ళు నిండకుండా నొవిషియేట్‌లో (మఠ జీవితపు శిక్షణలో) చేరడానికి లేదు. నొవిషియేట్ కనీసం పన్నెండు నెలలు. ఆ తర్వాత ఇచ్చే మాటపట్టు (దేవునికి చేసే ప్రమాణం) కూడా తాత్కాలికమే, మూడు నుంచి ఆరేళ్ళు. అవసరమైతే తొమ్మిదేళ్ళ దాకా పొడిగిస్తారు. నిత్య మాటపట్టుకు ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి. గురువిద్యార్థుల విషయంలోనూ ఇంతే. మొదట సన్నాహక కాలం, తర్వాత తత్వశాస్త్రం, నాలుగేళ్ళ దైవశాస్త్రం, ఇరవై మూడుకు ముందు డీకను (గురుపట్టానికి ముందు మెట్టు) కాకూడదు, ఇరవై ఐదుకు ముందు గురువు కాకూడదు. ఇన్ని మెట్లు పెట్టింది ఎందుకు? ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ముందుకా వెనక్కా అని ఇద్దరూ ఆలోచించుకోడానికే. అభ్యర్థి సభను చూస్తాడు, సభ అభ్యర్థిని చూస్తుంది. అలా చూసుకుని "నా దారి ఇది కాదు" అని వచ్చినవాడు తప్పిపోయినవాడు కాదు. తన పిలుపు ఏది కాదో తెలుసుకుని వచ్చినవాడు.

కానీ మన ఊళ్ళో ఏం జరుగుతుంది? బ్రదర్‌గా వచ్చినప్పుడల్లా పండగకు ముందు వరుసలో కూర్చోబెట్టి, అమ్మమ్మలందరూ చెయ్యి పట్టుకుని దీవెన అడిగిన అబ్బాయే ఇంటికొచ్చేస్తే, "ఏం చేశాడంట?" అని గుసగుసలు. పెళ్ళి సంబంధం వస్తే మొదట అడిగేది అదే. అలా తిరిగొచ్చిన ఒక యువకుడు విజయవాడలో ఒక షాపింగ్ మాల్‌లో పనికి కుదిరి ఊరికి రావడమే మానేశాడు. గుడికి ఎందుకు రావడంలేదని అడిగితే "గుడికి రావాలంటే ఊరంతా దాటుకుని రావాలి సిస్టర్" అన్నాడు. అతనికి బైబిల్ తెలుసు, పాటలు నేర్పగలడు, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పగలడు. అన్నీ పోగొట్టుకున్నది ఆ విచారణే. పైగా అతని కథ చూసిన ఆ ఊరి పిల్లలు ఇక సెమినరీ పేరెత్తరు. వెళ్ళి తిరిగొస్తే ఇదీ గతి అని వాళ్ళ కళ్ళముందే చూశారు కదా.

అందుకే ప్రతి విచారణలో ఒకటే అడుగుతున్నాను. తిరిగొచ్చిన అబ్బాయి, అమ్మాయి మొదటి ఆదివారం గుడికి వచ్చినప్పుడు ఎందుకు తిరిగొచ్చేశావని అడగొద్దు. ఒక పఠనం చదవమనండి. యువజన సంఘంలో పని అప్పగించండి. జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశి గారు ఇంటికెళ్ళి ఒక టీ తాగి రండి. కొత్త పిలుపులకు ఇంతకంటే పెద్ద ప్రోత్సాహం నాకు తెలియదు.

అపోహ: "ఇంక ఇంటికి రారు. ఒక్కగానొక్కడైతే వంశమే ఆగిపోతుంది."

మేత్రాసన గురువు మీ మేత్రాసనంలోనే ఉంటారు. బ్రహ్మచర్యానికి, బిషప్ గారికి విధేయతకు మాటిస్తారు. పేదరికపు మాటపట్టు మఠవాసులది. ఆ సభలు ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి. ఈ తేడా తెలియక రెండూ ఒకటే అనుకుంటారు. సెలవులకు ఇంటికి వస్తారు. అమ్మానాన్న మంచాన పడితే దాదాపు అన్ని సభలూ పంపుతాయి. ఒక్కడే కొడుకు అయితే చేర్చుకోకూడదని ఏ చట్టమూ లేదు. అయితే ముసలి తల్లిదండ్రులకు చూసేవాళ్ళు ఎవరూ లేకపోతే ఆ సంగతి దాచకుండా ముందే చెప్పాలి. వంశం మాటకు నా దగ్గర వాదన లేదు. అది నిజంగా వదులుకునేదే, ఆ బాధ తల్లిదండ్రులదే. దాన్ని చిన్నది చేసి మాట్లాడే హక్కు నాకు లేదు.

అపోహ: "మన కులం వాళ్ళకు పైకి రానివ్వరు, ఎందుకు పంపడం?"

మన సంఘాల్లో కులం పట్టింపు లేదని నేను చెప్పను. ఉంది, అది పాపం. కానీ ఆ కారణంతో తలుపు మూసుకుంటే ఎలా? చిందుకూరు అనే పల్లెలో, దళిత కుటుంబంలో పుట్టిన పూల ఆంటోని గారు 2022లో కార్డినల్ (పోపుగారి తర్వాతి హోదా) అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్ ఆయనే, దళితుల్లోనూ మొదటివారు ఆయనే. ఏడో తరగతితో చదువు ఆగిపోయే పరిస్థితి నుంచి వచ్చిన మనిషి.

అపోహ: "ఫాదర్ అయితే కారు, ఫారిన్."

వెళ్ళేవాళ్ళు ఉన్నారు. దానికోసమే వచ్చేవాళ్ళకు మాత్రం ఈ దారి కాదు. మొదటి సంభాషణలోనే ఫారిన్ గురించి అడిగితే ఆ కుటుంబంతో ఇంకా చాలా మాట్లాడాల్సి ఉందని నాకు అర్థమవుతుంది.

అపోహ: "ప్రోత్సహించడం ఫాదర్లు, సిస్టర్ల పని."

కానన్ చట్టం 233 ఈ బాధ్యతను క్రైస్తవ సమాజం మొత్తానికి అప్పగించింది. కుటుంబాలను, బడి పంతుళ్ళను పేరుపెట్టి మరీ చెప్పింది. ఇంట్లో సాయంత్రం జపమాల దగ్గర పెద్దవాళ్ళు కూర్చోకుండా, ఆదివారం భోజనాల దగ్గర ఫాదర్ల గురించి నోటికొచ్చినట్టు మాట్లాడి, పిల్లలెవరూ ముందుకు రావడంలేదని బాధపడితే ఉపయోగం లేదు.

పిల్లను పంపేముందు మీరు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. బయటి రాష్ట్రాల నుంచి వచ్చి, చదివిస్తాం, ఉద్యోగం ఇస్తాం అని చెప్పి ఆ రోజే తీసుకెళ్తామనేవాళ్ళకు పిల్లను అప్పగించొద్దు. మీ విచారణ గురువుల ఉత్తరం లేకుండా ఎక్కడికీ పంపొద్దు. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) సర్టిఫికెట్లు ఏ సభైనా అడగాలి. అడగకపోతే అనుమానించండి. పెద్ద సిస్టర్ ఎవరు, ఫోను ఎప్పుడు చేయొచ్చు, పిల్ల ఉండలేనంటే ఎవరు తీసుకొచ్చి దించుతారు, అప్పటిదాకా చదివిన చదువు సర్టిఫికెట్లు ఎవరి దగ్గరుంటాయి, ఇవన్నీ మొహమాటం లేకుండా అడగండి. మేము పెట్టే 'కమ్ అండ్ సీ' క్యాంపుకు మీరు కూడా రండి. వంటగది చూడండి, పడుకునే గది చూడండి, మాతో కలిసి భోంచేయండి, చిన్న సిస్టర్లతో మేము పక్కన లేనప్పుడు మాట్లాడండి.