మీ పాడ్‌కాస్ట్ ఎవరి చేతిలో ఉంది? కొన్ని అపోహలు - వాస్తవాలు

కొత్తగా పాడ్‌కాస్ట్ మొదలుపెట్టేవాళ్లు మైకు గురించి అడిగినన్ని ప్రశ్నలు ఫీడ్ గురించి, అంటే ఎపిసోడ్ల వివరాలూ ఆడియో అడ్రసులూ ఉండే ఆర్ఎస్ఎస్ ఫైలు గురించి, అడగరు. షోలు ఎడిట్ చేసి అప్‌లోడ్ చేసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ మాటలు తరచూ నా చెవిన పడుతుంటాయి.

అపోహ: యాపిల్ పాడ్‌కాస్ట్స్‌లో పెడితే ఆడియో వాళ్ల దగ్గరే ఉంటుంది.

వాస్తవం: డబ్బు కట్టి వినేవాటి సంగతి వేరు. మామూలు షోలకు యాపిల్ ఇచ్చేది జాబితాలో చోటు మాత్రమే, 2005 నుంచీ అంతే. ఆడియో మీ హోస్టింగ్ కంపెనీ (ఎపిసోడ్లు దాచి అందరికీ అందించే సంస్థ) సర్వర్లో ఉంటుంది. అది ఎక్కడుందో మీ ఆర్ఎస్ఎస్ ఫీడ్ చెబుతుంది, యాప్ వెళ్లి తెచ్చుకుంటుంది.

అపోహ: అందరూ స్పాటిఫైలోనో యూట్యూబ్‌లోనో వింటున్నారు, ఇంకా ఫీడ్ దేనికి?

వాస్తవం: గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్‌ను 2024లో మూసేశారు. అయినా శ్రోతలు తమ షోల జాబితాను ఫైలుగా దించుకుని వేరే యాప్‌లో పెట్టుకోగలిగారు. ఎందుకంటే ఆ జాబితాలో ఉన్నవి ఫీడ్ అడ్రసులే. మీ ఫాలోయర్లు ఒకే ప్లాట్‌ఫామ్ లోపల ఉంటే వాళ్లను ఇలా వెంట తీసుకెళ్లలేరు. 2020 చివర్లో స్పాటిఫైకే పరిమితమైన అమెరికన్ పాడ్‌కాస్టర్ జో రోగన్ షో కూడా 2024లో మళ్లీ యాపిల్‌కీ యూట్యూబ్‌కీ వచ్చింది.

హోస్టింగ్ మారాలన్నా ఫీడే దిక్కు. పాత కంపెనీ 301 రీడైరెక్ట్ (ఫీడ్ శాశ్వతంగా కొత్త అడ్రసుకు మారిందని చెప్పే సూచన) పెడితే యాప్‌లు కొత్త అడ్రసుకు వాటంతటవే మారిపోతాయి, వినేవాళ్లకు తెలియను కూడా తెలియదు. అందుకే డబ్బు కట్టకముందే అడగండి: మేం వెళ్లిపోతే రీడైరెక్ట్ పెడతారా, ఎన్నాళ్లు ఉంచుతారు? నీళ్లు నమిలితే వేరే కంపెనీ చూసుకోండి.

అపోహ: ఓపెన్ అంటే, ఏ యాప్‌లోనైనా వినగలిగే ఇలాంటి ఫీడ్ అంటే, ఉచితం.

వాస్తవం: కాదు. సెకనుకు 64 కిలోబిట్ల (కేబీపీఎస్) మోనో ఆడియోలో అరగంట ఎపిసోడ్ దాదాపు 14 ఎంబీ. వెయ్యి డౌన్‌లోడ్లకు 14 జీబీ. ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి.

అపోహ: యూట్యూబ్‌కి ఫీడ్ ఇచ్చాం కదా, అదీ ఓపెనే.

వాస్తవం: యూట్యూబ్ మీ ఆడియోను కాపీ చేసి తన దగ్గర పెట్టుకుంటుంది. తర్వాత మీరు ఎపిసోడ్‌లో తప్పు సరిదిద్దినా అక్కడ పాతదే మోగుతుంది. అక్కడి వ్యూస్ మీ హోస్టింగ్ లెక్కలోకి రావు. అలాగని యూట్యూబ్ వద్దనను. కొత్తవాళ్ల కంట పడటానికి అది మంచి చోటే, నేనూ అప్‌లోడ్ చేస్తాను.

అపోహ: సెటప్ చేసిన కుర్రాడి ఈమెయిల్ ఫీడ్‌లో ఉంటే ఏమవుతుందిలే.

వాస్తవం: ఫీడ్ ద్వారా స్పాటిఫైలో షో మీదేనని క్లెయిమ్ చేసుకునేటప్పుడు కోడ్ వెళ్లేది ఆ ఈమెయిల్‌కే. ఈరోజే మార్పించుకోండి.