ఊరికే చేస్తున్నవాళ్లే కదా, సర్దుకుంటారులే! ఓపెన్ సోర్స్‌లో కొన్ని అపోహలు - వాస్తవాలు

తేదీలు, టైమ్ జోన్‌ల లెక్కలు చూసుకునే ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీకి (ఎవరైనా చదివి, మార్చి, తమ ప్రోగ్రాముల్లో వాడుకోగల కోడ్‌కి) చాలా ఏళ్లుగా మెయింటెయినర్‌ని, అంటే దాని బాగోగులు చూసేది, ఎవరైనా పంపిన మార్పుని చేర్చాలో వద్దో తేల్చేది నేనే. ఈ పనిలో కోడ్ గురించి నేర్చుకున్నది కొంతే. పైసా తీసుకోకుండా వచ్చి పని చేసిపెట్టేవాళ్లతో ఎలా మెలగాలో నేర్చుకున్నదే ఎక్కువ, అదీ చాలావరకు వాళ్లని నొప్పించాకే తెలిసింది.

అపోహ: పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పుని మీ కోడ్‌లో కలుపుకోండి అనే అభ్యర్థన) పెట్టినవాళ్లు ఆగుతారు, మనకి వీలున్నప్పుడు చూడొచ్చు.

వాస్తవం: ఆగరు. ఒకతను మా లైబ్రరీలో కొన్ని దేశాల్లో చలికాలానికి గడియారం గంట వెనక్కి మారే రోజున లెక్క తప్పుతోందని పట్టుకుని, పన్నెండు లైన్ల సవరణ, దానికి తోడు చక్కటి టెస్ట్ ఒకటి రాసి పంపాడు. ఈ శనివారం చూద్దాం, వచ్చే శనివారం చూద్దాం అనుకుంటూనే నాలుగు నెలలు గడిపేశాను. రిలీజ్ ముందురోజు రాత్రి టెన్షన్‌లో అదే సవరణని నాకు నచ్చిన పద్ధతిలో నేనే రాసుకుని, అతని టెస్ట్‌ని మాత్రం ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టుకుని, "వేరేగా సరిచేశాం, థాంక్స్" అని అతనిది మూసేశాను. కమిట్‌లో, అంటే ఏ మార్పు ఎవరు చేశారో నమోదయ్యే చోట, నా పేరొక్కటే ఉంది. "పర్లేదండీ, టెస్ట్ పనికొచ్చినందుకు సంతోషం" అని జవాబిచ్చాడు. మళ్లీ మా ప్రాజెక్ట్ వైపు రాలేదు.

మొదటి రెండు మూడు రోజుల్లో "చూశాను, ఈ నెల కుదరదు, వచ్చే నెల రివ్యూ చేస్తాను" అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. మెర్జ్ (కోడ్‌లో కలపడం) ఆలస్యమైతే చాలామంది ఓర్చుకుంటారు, అసలు ఎవరూ చూడనే లేదేమో అన్న అనుమానాన్నే భరించలేరు. ఇక పేరు సంగతంటారా, కమిట్ సందేశం చివర 'కో-ఆథర్డ్-బై' (సహ రచయిత) అని ఒక్క లైను చేరిస్తే అయిపోయేది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో బగ్ చెప్పినవాళ్లకి 'రిపోర్టెడ్-బై', పరీక్షించినవాళ్లకి 'టెస్టెడ్-బై', రివ్యూ చేసినవాళ్లకి 'రివ్యూడ్-బై' అని విడివిడిగా రాస్తారు. అంత పెద్ద ప్రాజెక్ట్‌కి వీలైనది నాకెందుకు కాలేదంటే, బద్ధకం, అంతే.

(అన్నట్టు, అరవై రోజులు ఎవరూ పలకలేదని ఇష్యూని (ఎవరో రాసిన ఫిర్యాదుని) తనంతట తాను మూసేసే బాట్ ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. పలకనిది మనమైనప్పుడు శిక్ష ఎదుటివాళ్లకి ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. మా దాంట్లో తీసేశాను.)

అపోహ: నాణ్యత కావాలంటే కటువుగా ఉండాల్సిందే.

వాస్తవం: దీనికి అందరూ ఉదాహరణగా చూపించిన లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ తానే 2018 సెప్టెంబర్‌లో తన ఈమెయిళ్ల దురుసుతనానికి క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పక్కకి తప్పుకున్నారు. కెర్నల్‌కి ప్రవర్తనా నియమావళి వచ్చింది కూడా అప్పుడే. "ఇదేం కోడ్?" అనడం తేలిక. "ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరం కూడా లేని పాఠం) వస్తే 40వ లైను దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతుంది, దానికో టెస్ట్ చేర్చండి" అని రాయాలంటే ఆ కోడ్ నిజంగా చదివి ఉండాలి. ఈ రెండోదే ఎక్కువ కటువైన రివ్యూ, కాకపోతే మనిషి మీద కాదు.

అపోహ: కాదంటే నొచ్చుకుంటారు, అలా పెండింగ్‌లో ఉంచడమే మర్యాద.

వాస్తవం: నొచ్చుకుంటారు, నిజమే. కానీ మొదటి వారంలో కాదంటే ఒక సాయంత్రం నొచ్చుకుంటారు. మూడుసార్లు మార్పులు చేయించి, ఆ తర్వాత "ఇది మా ప్రాజెక్ట్ పరిధిలోకి రాదు" అంటే మాత్రం నెలల శ్రమ మనం తిన్నట్టే.

అపోహ: మెయింటెయినర్ యజమాని, వాలంటీర్లంటే మిగతావాళ్లు.

వాస్తవం: చాలాచోట్ల మెయింటెయినరే అందరికంటే ఎక్కువ అరిగిపోయిన వాలంటీర్. 2014లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడేనాటికి, సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చడానికి ఇంటర్నెట్‌లో పెద్ద భాగం ఆధారపడిన ఆ లైబ్రరీకి వచ్చే విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ కథ ఇంకా దారుణం. 2022లో కొన్ని ఖాతాలు పని నెమ్మదిగా సాగుతోందంటూ దాని మెయింటెయినర్‌ని పదేపదే సతాయించాయి. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని సరదా ప్రాజెక్ట్ అని ఆయన చెప్పుకున్నా వదల్లేదు. ఆ ఒత్తిడిలో, సాయం చేస్తానని వచ్చిన ఒకరికి క్రమంగా అధికారాలు దక్కాయి, చివరికి ఆ చేతులే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాయి. ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్లోకి సురక్షితంగా ప్రవేశించే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వి చూశారు గనక 2024 మార్చి 29న బయటపడింది. అలసిపోయిన మనిషిని తరమడం మర్యాద సమస్యే అనుకుంటాం, అది భద్రతా సమస్య కూడా.

"ఇంకెప్పుడు సరిచేస్తారు?" అని అడిగే ముందు లైసెన్స్ ఫైలు ఒకసారి తెరవండి. ఎంఐటీ లైసెన్స్ అయినా జీపీఎల్ లైసెన్స్ అయినా, ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, హామీ ఏమీ లేదు అనే ఉంటుంది.

అపోహ: ఏదో ఒక బహుమతి ఇస్తే జనం వస్తారు.

వాస్తవం: వస్తారు, వచ్చాక మెయింటెయినర్లు దండం పెడతారు. అక్టోబర్‌లో ఓపెన్ సోర్స్‌కి పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకి టీషర్ట్ ఇచ్చిన 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఆ టీషర్ట్ కోసం రీడ్‌మీ (ప్రాజెక్ట్ పరిచయ ఫైలు)లో ఒక పదం అటూ ఇటూ మార్చిన పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తాయి. ప్రాజెక్ట్ ముందుగా ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకుంటామని నిర్వాహకులు నెల మొదలైన కొద్ది రోజులకే నియమం మార్చాల్సి వచ్చింది.

అపోహ: కోడ్ రాస్తేనే కాంట్రిబ్యూటర్. దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. అనువాదాలు, డాక్యుమెంటేషన్, వచ్చిన ఇష్యూల్లో నకళ్లు ఏరడం ఒక నెల ఆపేసి చూడండి.

అపోహ: వెళ్లిపోతానంటే ఎలాగైనా ఆపాలి.

వాస్తవం: పిల్లలు పుడతారు, ఉద్యోగాలు మారతాయి, ఆసక్తి పోతుంది. మేం ఇప్పుడు ఏడాదిగా కనిపించని సభ్యులకి మేమే రాస్తాం: "మీ పేరు పాత మెయింటెయినర్ల జాబితాలోకి మారుస్తున్నాం, భద్రత కోసం కమిట్ హక్కులు తీసేస్తున్నాం, తిరిగి రావాలనిపిస్తే ఒక్క మాట చెప్పండి చాలు." మొదటిసారి ఒకావిడకి పంపేటప్పుడు ఏమనుకుంటుందో అని రెండు రోజులు వెనకాడాను. పంపిన పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "హమ్మయ్య, ఈ మాట ఎలా చెప్పాలో తెలియక ఏడాదిగా మీ మెయిల్స్ తెరవడమే మానేశానండీ!"